హెక్సా సున్నా, అయినా క్రోమియం దిగదు: ఒక ప్లేటింగ్ యూనిట్ ఈటీపీ కేసు

సమస్య చెప్పడానికి రెండు ముక్కలు చాలు. ఈటీపీ, అంటే ఫ్యాక్టరీ వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంట్, ఔట్‌లెట్ నీళ్లలో హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం-6, విషపు రకం) లీటరుకు 0.1 మిల్లీగ్రాముల పరిమితి లోపలే ఉంది. టోటల్ క్రోమియం (అన్ని రూపాలూ కలిపి) మాత్రం 2 మిల్లీగ్రాముల పరిమితి దాటేసి 4, 5 మధ్య తిరుగుతోంది. హెక్సాను తక్కువ విషమున్న ట్రైవాలెంట్ రకంగా (క్రోమియం-3) మార్చే మెటాబైసల్ఫైట్ పెంచారు, దిగలేదు. సున్నం పెంచారు, దిగలేదు. మడ్డిని గుంపుకట్టించే పాలీ ఎలక్ట్రోలైట్ బ్రాండ్ కూడా మార్చి చూశారు. ఆ తర్వాతే నన్ను పిలిచారు.

యూనిట్ హైదరాబాద్ పారిశ్రామికవాడల్లో ఒకచోట జాబ్‌వర్క్ మీద నడిచేది. ఒక షెడ్డులో హైడ్రాలిక్ రాడ్లకు హార్డ్ క్రోమ్ వేస్తారు. పక్క షెడ్డులో బోల్టులకు, బ్రాకెట్లకు జింక్ ప్లేటింగ్ చేసి, దాని మీద పాసివేషన్ (తుప్పు పట్టకుండా పల్చటి క్రోమియం పొర) ఇస్తారు. పాసివేషన్ మొదట్లో పాత పసుపురంగు హెక్సా బాత్‌తోనే (భాగాలను ముంచే ద్రావణం) నడిచేది. వాహనాల విడిభాగాల పూతల్లో హెక్సావాలెంట్ క్రోమియాన్ని యూరప్ 2007 జూలై నుంచి నిషేధించాక, ఆ షరతు సప్లయ్ చెయిన్ వెంట మెల్లగా చిన్న జాబ్‌వర్క్ యూనిట్ల దాకా దిగింది. వీళ్లూ ట్రైవాలెంట్ పాసివేషన్‌కు మారారు. యజమాని ఆలోచనలో తప్పేమీ లేదు: విషపు రకం మానేశాం కాబట్టి ఈటీపీకి పని తగ్గాలి. లాగ్‌బుక్ తిరగేస్తే టోటల్ క్రోమ్ పెరగడం మొదలైంది సరిగ్గా ఆ మార్పు తర్వాతే. రెండింటినీ ఎవరూ జత చేసి చూడలేదు, అంతే.

ఈటీపీ అమరిక అందరికీ తెలిసినదే. బాత్ తర్వాత భాగాలను కడిగిన, క్రోమియం ఉన్న రిన్స్ నీళ్లన్నీ ఒకే పైపులో ఒకే కలెక్షన్ ట్యాంక్‌కు వస్తాయి. అక్కడి నుంచి, హెక్సా ట్రైగా మారే రిడక్షన్ ట్యాంక్. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 2.5కు దించి, ఓఆర్‌పీ మీటర్ (ద్రావణం ఆక్సీకరణ శక్తిని మిల్లీవోల్టుల్లో చూపేది) చూస్తూ మెటాబైసల్ఫైట్ వేస్తారు. తర్వాతి ట్యాంక్‌లో సున్నం పాలు పోసి పీహెచ్ 8.5కు లేపితే క్రోమియం హైడ్రాక్సైడ్ పచ్చటి ముద్దగా విడిపోతుంది. ముద్ద అడుగుకు దిగడానికి సెట్లర్, దాన్ని పిండడానికి ఫిల్టర్ ప్రెస్, పిండిన కేక్ బస్తాల్లోకి. పుస్తకంలో ఉన్నట్టే ఉంది.

ఆమ్లంలో క్రోమియం-6 ఏ రూపంలో ఉంటుంది

రిపోర్టులో 'హెక్సా క్రోమ్' అని ఒకే గడి ఉంటుంది. ట్యాంక్‌లో మాత్రం అది ఒకే పదార్థం కాదు. పీహెచ్ సుమారు 6.5 పైన అది ఎక్కువగా క్రోమేట్, నిమ్మపసుపు రంగు. అంతకు దిగితే ఒక హైడ్రోజన్ చేరి హైడ్రోజన్ క్రోమేట్ అవుతుంది. గాఢత ఎక్కువైతే రెండు హైడ్రోజన్ క్రోమేట్లు ఒక నీటి అణువును వదిలి డైక్రోమేట్‌గా జతకడతాయి, రంగు నారింజకు తిరుగుతుంది. లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాముల క్రోమియం ఉన్నచోట ఈ రెండు రూపాలూ సగం సగం. అంటే లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్ ఉండే హార్డ్ క్రోమ్ బాత్‌లో డైక్రోమేట్, అంతకన్నా పెద్ద గొలుసులూ ఉంటాయి. అదే బాత్ నుంచి రాడ్డుకు అంటుకుని రిన్స్‌లోకి వచ్చి పల్చబడ్డ నీళ్లలో దాదాపు అంతా హైడ్రోజన్ క్రోమేటే. ఈటీపీలో మనం డైక్రోమేట్ సమీకరణం రాసుకుంటాం గానీ, నిజంగా బైసల్ఫైట్‌ను కలిసేది ఈ హైడ్రోజన్ క్రోమేట్. రెండు హైడ్రోజన్ క్రోమేట్లకు మూడు బైసల్ఫైట్లు, ఐదు హైడ్రోజన్ అయాన్లు ఖర్చవుతాయి.

ఆ ఐదు హైడ్రోజన్ అయాన్లే ఆపరేటర్లు మరిచిపోయేవి. రిడక్షన్ జరిగేకొద్దీ ఆమ్లం తరుగుతుంది, పీహెచ్ దానంతట అదే పైకి జరుగుతుంది. పీహెచ్ 2 దగ్గర పని నిమిషాల్లో అయిపోతుంది. 3 దాటితే అరగంట దాకా పట్టొచ్చు. 4 పైన ఆ ట్యాంక్ సైజుకు అయ్యే పని కాదు. పైగా లెక్క ప్రకారం పీహెచ్ ఒక అంకె పెరిగితే క్రోమియం-6 ఆక్సీకరణ పొటెన్షియల్ 138 మిల్లీవోల్టులు పడిపోతుంది. అందుకే ఓఆర్‌పీ సెట్‌పాయింట్ 280 మిల్లీవోల్టులు అని గోడ మీద పెయింట్ కొట్టేస్తే సరిపోదు, అది ఏ పీహెచ్ దగ్గరిదో పక్కనే రాయాలి. ఇక్కడ రాయలేదు. పీహెచ్ ప్రోబ్ మీద తెల్లటి పొర కట్టి మీటర్ 2.5 చూపిస్తుంటే, చేతి మీటర్ 3.4 చూపించింది.

ప్రోబ్ శుభ్రం చేసి క్యాలిబ్రేట్ చేశాం. టోటల్ క్రోమ్ కొద్దిగా కదిలిందే తప్ప దిగలేదు. సమస్య మరెక్కడో ఉంది.

ఆ సున్నా నిజంగా సున్నానా?

"సార్, హెక్సా జీరోనే వస్తోంది, మీరే చూడండి" అంటూ ఆపరేటర్ నా ముందే డైఫినైల్ కార్బజైడ్ పరీక్ష చేశాడు. శాంపిల్‌ను ఆమ్లంగా మార్చి రియేజెంట్ వేస్తే, హెక్సా ఉంటే ఎర్రటి ఊదారంగు రావాలి. రాలేదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

అదే శాంపిల్ ఇంకో ట్యూబ్‌లో తీసుకుని, లీటరుకు అర మిల్లీగ్రాము లెక్కన పొటాషియం డైక్రోమేట్ చేర్చి, మళ్లీ అదే పరీక్ష చేయమన్నాను. ఇప్పుడు ఊదారంగు వచ్చి తీరాలి, ఎందుకంటే హెక్సాను మేమే చేతులారా వేశాం. అయినా రాలేదు. ట్యూబ్ మూతి దగ్గర ముక్కు పెడితే అగ్గిపుల్ల వాసన. సల్ఫర్ డయాక్సైడ్.

జరిగింది ఇది. టోటల్ క్రోమ్ దిగడం లేదని మెటా పెంచుకుంటూ పోయారు. లెక్క ప్రకారం కిలో హెక్సా క్రోమియానికి 2.74 కిలోల సోడియం మెటాబైసల్ఫైట్ చాలు, కాస్త ఎక్కువ వేసుకున్నా మూడు, మూడున్నర కిలోలు. వీళ్లు దానికి రెట్టింపు పైనే వేస్తున్నారు. మిగిలిపోయిన సల్ఫైట్ సున్నం ట్యాంక్ దాటి ఔట్‌లెట్ దాకా వస్తోంది. క్షార మాధ్యమంలో సల్ఫైట్, క్రోమేట్ పక్కపక్కనే కొంతసేపు కలహం లేకుండా ఉండగలవు. పరీక్ష కోసం ఆమ్లం వేయగానే సల్ఫైట్ లేచి, ఉన్న హెక్సానంతా ట్యూబ్‌లోనే ట్రైగా మార్చేస్తుంది. రియేజెంట్‌కు ఏమీ మిగలదు. అలా వచ్చే సున్నాకు విలువ లేదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. బయటి ల్యాబ్‌కు పంపే బాటిల్‌లో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి పంపుతున్నారు. టోటల్ క్రోమియానికి అది సరైన పద్ధతే, లోహం గోడలకు అంటుకోకుండా ఉంటుంది. అదే బాటిల్‌లోంచి హెక్సా కూడా చేయమంటే మాత్రం కుదరదు. ఆమ్లంలో క్రోమియం-6 బలమైన ఆక్సీకరణి. శాంపిల్‌లో సేంద్రియ పదార్థమో, ఫెర్రసో, సల్ఫైటో ఏదున్నా దారిలోనే తినేసి తాను ట్రై అయిపోతుంది. హెక్సా శాంపిల్ వేరే బాటిల్‌లో, వడపోసి, పీహెచ్ 9 పైన బఫర్ చేసి, చల్లగా పంపాలి. ఈ ఒక్క విషయం మీద నేను చూసిన రిపోర్టుల్లో సగం ప్రశ్నార్థకమే.

మెటా మోతాదు తగ్గించాం. డైక్రోమేట్ చేర్చిన ట్యూబ్‌లో రావలసిన రంగు పూర్తిగా వచ్చేదాకా తగ్గించుకుంటూ వచ్చాం. అప్పుడు అసలు శాంపిల్ మళ్లీ చూస్తే హెక్సా 0.1 లోపలే ఉంది. ఈసారి నమ్మదగ్గ 0.1. హెక్సా లేదన్నమాట నిజమే. మరి ఆ నాలుగైదు మిల్లీగ్రాములు ఏమిటి?

సెట్లర్ సరిగ్గా పనిచేయక సన్నటి మడ్డి తేలి వస్తోందేమోనన్న అనుమానం మొదట తీర్చుకోవాలి. 0.45 మైక్రాన్ పొరలోంచి వడపోసిన నీళ్లను, వడపోయని నీళ్లను పక్కపక్కన ఏఏఎస్‌లో (లోహం మోతాదు కొలిచే యంత్రం) పెట్టాం. తేడా స్వల్పం. అంటే క్రోమియం కరిగే ఉంది. ట్రైవాలెంట్‌గా ఉండి, పీహెచ్ 8.5 దగ్గర కరిగి ఉంది. పాఠ్యపుస్తకం ప్రకారం ఆ పీహెచ్ దగ్గర అది ఉండకూడదు.

క్రోమియం-3 పట్టు

పాఠ్యపుస్తకం చెప్పేది ఉత్త నీటి అణువులు చుట్టూ ఉన్న క్రోమియం-3 గురించి. ఆమ్లంలో అది ఆరు నీటి అణువులను పట్టుకుని ఊదారంగులో ఉంటుంది. పీహెచ్ 4 దగ్గర ఒక నీటి అణువు హైడ్రోజన్‌ను వదిలేస్తుంది, ఇంకా పైకి వెళితే హైడ్రాక్సైడ్ వారధులతో గొలుసులు కట్టి, 8, 9 మధ్య అతి తక్కువ కరిగే ముద్ద అవుతుంది. 11కు పోతే క్రోమైట్‌గా మళ్లీ కరగడం మొదలుపెడుతుంది. సున్నం ఎక్కువ పోస్తే ఎక్కువ దిగుతుందనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అయితే క్రోమియం-3కి ఉన్న అసలు గుణం ఇది కాదు. అది చుట్టూ ఉన్నవాటిని త్వరగా మార్చుకోదు. గది ఉష్ణోగ్రత దగ్గర దాన్ని పట్టుకున్న ఒక నీటి అణువు వదిలి ఇంకో నీటి అణువు చేరడానికి సగటున రోజులు పడుతుంది. ఫెర్రిక్ ఇనుము అదే పని మిల్లీసెకన్లలో చేసేస్తుంది. క్రోమ్ ఆలం స్ఫటికాలను చల్లటి నీళ్లలో కరిగిస్తే ఊదారంగు ద్రావణం వస్తుంది. వేడిచేస్తే సల్ఫేట్ లోపలికి చేరి పచ్చబడుతుంది. చల్లారగానే వెంటనే మళ్లీ ఊదాగా మారదు, దానికి రోజులకు రోజులు పడుతుంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో ఇది చేసినవాళ్లు ఉంటారు, ఈటీపీకి దీనికీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరూ చెప్పరు.

ట్రైవాలెంట్ పాసివేషన్ బాత్‌లో ఏముంటుంది? క్రోమియం-3 లవణం, నైట్రేట్, తరచుగా కోబాల్ట్, వీటితోపాటు ఆక్సాలిక్, మలోనిక్ లాంటి కార్బాక్సిలిక్ ఆమ్లాలు. కొన్ని రకాల్లో ఫ్లోరైడ్. బాత్ పీహెచ్ 2 దగ్గర, వేడిగా నడుస్తుంది. ఆ వేడిలో ఆ ఆమ్లాలు క్రోమియాన్ని రెండు చేతులతో పట్టుకుంటాయి. వీళ్ల సప్లయర్ ఇచ్చిన సేఫ్టీ డేటా షీట్‌లో 'కార్బాక్సిలిక్ ఆమ్లాలు' అని మాత్రమే ఉంది, ఏవో చెప్పలేదు. వ్యాపార రహస్యం. పర్లేదు, జార్ టెస్ట్‌కు (బీకర్‌లో చిన్న మోతాదులో చేసి చూసే పరీక్ష) పేరు అక్కర్లేదు.

హార్డ్ క్రోమ్ రిన్స్ ఒక్కటే ఒక బీకర్‌లో తీసుకుని మామూలు పద్ధతిలో ట్రీట్ చేశాం: ఆమ్లం, మెటా, సున్నం. పచ్చటి ముద్ద దిగింది, పైన తేట నీళ్లు, క్రోమియం ఒక మిల్లీగ్రాముకు బాగా తక్కువ. పాసివేషన్ రిన్స్ ఒక్కటే రెండో బీకర్‌లో: సున్నం వేసినా పైనీళ్లలో ఊదాగులాబీ ఛాయ ఉండిపోయింది. తెల్ల కాగితం వెనక పెడితే స్పష్టంగా కనిపించేంత. దొంగ దొరికాడని సూపర్‌వైజర్ అన్నారు.

దొరికింది సగమే. పాసివేషన్ లైన్ నుంచి రోజూ వచ్చే క్రోమియం ఎంతో, అది మొత్తం ప్రవాహంలో ఎంత పల్చబడుతుందో లెక్కేస్తే, అదంతా దిగకుండా పోయినా ఔట్‌లెట్‌లో నాలుగైదు మిల్లీగ్రాములు రావు. హార్డ్ క్రోమ్ వైపు క్రోమియం కూడా ఎంతో కొంత పట్టుబడుతోందన్నమాట. అది విడిగా ఉన్నప్పుడు చక్కగా దిగింది కదా?

అందుకే ఇంకో జత బీకర్లు పెట్టాం. ఒకదానిలో రెండు రిన్స్‌లను ప్లాంట్‌లో వచ్చే నిష్పత్తిలో ముందే కలిపి, తర్వాత ఆమ్లం, మెటా, సున్నం వేశాం. రెండోదానిలో హార్డ్ క్రోమ్ రిన్స్‌ను విడిగా రిడక్షన్ చేసి, సున్నం వేసి, ముద్ద కట్టాకే పాసివేషన్ రిన్స్ కలిపాం. పోసిన నీళ్లు ఒకటే, రసాయనాలు ఒకటే, వరుస ఒక్కటే మారింది. ముందే కలిపిన బీకర్‌లో కరిగి మిగిలిన క్రోమియం రెండోదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

క్రోమియం-6 ఎలక్ట్రాన్లను ఒక్కసారిగా తీసుకుని 3 కాదు. మధ్యలో 5, 4 దశలు దాటుతుంది. ఆ దశల్లో దాని చుట్టూ ఉన్నవి చాలా వేగంగా మారతాయి, దగ్గర్లో ఆక్సాలేట్ లాంటిది ఉంటే వెంటనే అతుక్కుంటుంది. తర్వాతి ఎలక్ట్రాన్ అందగానే అది క్రోమియం-3 అవుతుంది, ఇక ఆ పట్టు బిగుసుకుపోతుంది. ల్యాబ్‌లో ట్రిస్ ఆక్సలేటో క్రోమేట్ అనే నీలిపచ్చ స్ఫటికాలు తయారుచేసే పద్ధతి కూడా ఇదే: డైక్రోమేట్‌ను ఆక్సాలిక్ ఆమ్లంతోనే రిడక్షన్ చేస్తారు. వీళ్ల రిడక్షన్ ట్యాంక్‌లో అదే సంయోగం రోజూ తయారవుతోంది, అమ్ముకోవడానికి పనికిరాని మోతాదులో.

మరి సున్నంలోని కాల్షియం ఆక్సాలేట్‌ను పట్టి కిందికి లాగదా అని అడుగుతారు, మంచి ప్రశ్న. లాగుతుంది, కానీ విడిగా తిరిగే ఆక్సాలేట్‌ను. క్రోమియం పట్టుకుని ఉన్నదాన్ని కాల్షియం పీకలేదు, క్రోమియం దానంతట అది వదిలేదాకా కాచుకోవాల్సిందే. సెట్లర్‌లో నీళ్లు ఉండేది రెండు మూడు గంటలు.

సలహాలు, వాటిలో పనికొచ్చినవి

ఈలోగా యజమాని దగ్గరికి సలహాలు చాలా వచ్చాయి. ఒకరు డైథయోకార్బమేట్ రకం హెవీ మెటల్ ప్రెసిపిటెంట్ (గంధకంతో లోహాలను పట్టి దించే రసాయనం) తెచ్చారు. జింక్, కోబాల్ట్ అద్భుతంగా దిగాయి, క్రోమియం కదల్లేదు. క్రోమియం-3కి గంధకం అంటే ఇష్టం లేదు, దాని సల్ఫైడ్ కూడా నీళ్లలో నిలవదు. ఇంకొకరు కేటయాన్ రెజిన్ (ధనావేశ అయాన్లను పట్టేది) కాలమ్ పెట్టమన్నారు. మూడు ఆక్సాలేట్లను కట్టుకున్న క్రోమియం మీద ఉండేది రుణావేశం, అది కేటయాన్ రెజిన్ లోంచి దర్జాగా దాటిపోతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆ ఆమ్లాలను కాల్చేద్దామన్న సలహా వినడానికి బాగుంది గానీ ప్రమాదం. క్షారంలో పెరాక్సైడ్ క్రోమియం-3ను నేరుగా క్రోమేట్ చేస్తుంది. అదే పెరాక్సైడ్ ఆమ్లంలో క్రోమియం-6ను రిడక్షన్ చేస్తుంది, కాసేపు నీలిరంగు మెరిసి పచ్చబడుతుంది. పీహెచ్ ఏ పక్కన ఉందో దాన్నిబట్టి దాని పనే తలకిందులవుతుంది. రాత్రి షిఫ్టులో ఒక్క మనిషి నడిపే ఈటీపీలో దాన్ని పెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

చివరికి చేసింది ఖరీదైనదేమీ కాదు. పాసివేషన్ తర్వాతి మొదటి రిన్స్‌ను నిలవ నీళ్ల డ్రాగ్ అవుట్ ట్యాంక్‌గా (భాగాలకు అంటుకొచ్చిన బాత్ ద్రావణం పోగయ్యేది) మార్చాం. బాత్ వేడిగా నడుస్తుంది కాబట్టి రోజూ నీళ్లు ఆవిరైపోతాయి, ఆ లోటు ఈ నీళ్లతోనే పూడుస్తారు. క్రోమియంలో ఎక్కువ భాగం అలా బాత్‌లోకే తిరిగి పోతుంది. దీనికి ఒక ఇబ్బంది ఉంది: జింక్, ఇనుము కూడా దాంతోపాటే బాత్‌లో పోగవుతాయి. బోల్టుల డొల్లల్లోంచి ఇనుము ఎక్కువ వస్తుంది. కాబట్టి వారానికోసారి బాత్‌లో ఆ రెండింటినీ చూడాలి, సప్లయర్ చెప్పిన హద్దు దాటితే కొంత బాత్ తీసి మార్చాలి.

మిగిలిన రిన్స్‌ల పైపును హార్డ్ క్రోమ్ పైపు నుంచి కోసి వేరే ట్యాంక్‌కు కలిపాం. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఆ పీవీసీ పైపు ముక్కే. ఆ ట్యాంక్ బ్యాచ్‌గా నడుస్తుంది. సున్నంతో పీహెచ్ 11.5కు లేపి, 55 డిగ్రీల దగ్గర రాత్రంతా కలుపుతూ ఉంచుతారు. ఆ వేడిలో, ఆ క్షారంలో హైడ్రాక్సైడ్ మెల్లగా ఆ ఆమ్లాలను తోసేస్తుంది. విడివడ్డ ఆక్సాలేట్‌ను కాల్షియం పట్టి కూర్చోబెడుతుంది కాబట్టి అది మళ్లీ వెనక్కి వెళ్లి అతుక్కోలేదు. పొద్దున్నే, అప్పుడు మాత్రమే, పీహెచ్ 8.5కు దించి సెటిల్ చేస్తారు. 11.5 దగ్గరే ఫిల్టర్ ప్రెస్‌కు కొడితే క్రోమైట్ కరిగి ఉండే దాటిపోతుంది. రాత్రంతా గాలిలో కలిపిన ద్రావణం కాబట్టి పొద్దున హెక్సా పరీక్ష కూడా తప్పనిసరి, డైక్రోమేట్ చేర్చిన ట్యూబ్‌తో సహా.

మొదట్లో హీటర్ లేకుండానే నడిపారు. ఎండాకాలంలో సరిపోయింది. డిసెంబరు చలిలో పొద్దున చూస్తే పైనీళ్లలో మళ్లీ గులాబీ ఛాయ, టోటల్ క్రోమ్ హద్దు పైన. పాసివేషన్ బాత్ స్పేర్ ఇమ్మర్షన్ హీటర్ దించాక తీరింది.

హార్డ్ క్రోమ్ ప్రవాహం పాత దారిలోనే నడుస్తోంది, పీహెచ్ 2 నుంచి 2.5 లోపల, మెటా పాత మోతాదులో సగం కన్నా తక్కువ. రెండు ప్రవాహాలూ ట్రీట్ అయ్యాక కలిసే చోట టోటల్ క్రోమ్ ఇప్పుడు 2 లోపలే ఉంటోంది. సల్ఫైట్ తగ్గాక ఔట్‌లెట్ సీఓడీ (నీళ్లలోని పదార్థాల ఆక్సీకరణకు పట్టే ఆక్సిజన్ లెక్క) కూడా దిగింది, దాన్ని ఎవరూ అడగలేదు గానీ వచ్చింది.

తేలనిది కేక్ సంగతి. రెండు ప్రవాహాల మడ్డి ఒకే ప్రెస్‌లోకి పోతోంది. కోబాల్ట్ ఉన్న బ్యాచ్ మడ్డిని విడిగా ఉంచమని చెప్పాను, రెండో ప్రెస్‌కు చోటు లేదన్నారు. ప్రస్తుతానికి అంతా ప్రమాదకర వ్యర్థంగానే దుండిగల్‌లోని వ్యర్థాల కేంద్రానికి వెళ్తోంది.

ఇంకొకటి. సప్లయర్ ఫార్ములా ఎప్పుడు మారుస్తాడో మనకు చెప్పడు, డ్రమ్ము మీద పేరు అదే ఉంటుంది. అందుకని కొత్త లాట్ రాగానే దాన్ని రిన్స్ స్థాయికి పల్చన చేసి, ఒక లీటరు జార్‌లో అదే వేడిలో రాత్రి సున్నంలో ఉంచుతున్నారు. పొద్దున పీహెచ్ దించి వడపోసిన పైనీళ్లలో టోటల్ క్రోమ్ 2 దాటితే ఆ లాట్ లైన్‌లోకి వెళ్లదు. ఒకసారి అలా రెండు డ్రమ్ములు వెనక్కి పంపారు.